తరాజు చిప్ప కింద బెల్లం

నా చిన్నప్పుడు నేను మనసారా పగబట్టిన మనిషి ఒక్కడే. మా తరగతిలో మొదటి బల్ల మీద కూర్చునేవాడు. పేరు చెప్పను. ఇప్పటికీ బోధన్ బజారులో ఎదురుపడితే ఇద్దరం నమస్కారాలు పెట్టుకుంటాం. నాది వాడిదానికంటే కొంచెం ఎక్కువ వంగుతుంది. ఎందుకో వాడికి తెలియదు.

సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్త రోజులవి. ఊరు ఊరంతా ఫ్యాక్టరీ చక్కెర వాసన కొడుతుంటే, ఆ ఊళ్లోనే బెల్లం దుకాణం పెట్టుకున్న తెలివిగల మనిషి మా బాపు. నేను ఆయన కొడుకును. బేరమాడకుండా స్నానం కూడా చేసేవాణ్ణి కాదు.

మా హైస్కూల్లో అప్పుడే కొత్తగా వర్క్‌షాపు పెట్టారు. రేకుల షెడ్డు, నాలుగు పెద్ద బల్లలు, గోడ పొడుగునా మా సామాన్లకు ఒక చెక్క అర. నేర్పడానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. తాతల నాటి నుంచి తాళాలు, తుపాకులు బాగుచేసిన ముస్లిం ఇంటివాడు. మేము ఉస్తాద్ సార్ అనేవాళ్ళం. ముందు కాగితం మీద బొమ్మ గీయాలి, అట్లా ఎందుకు గీశామో చెప్పాలి, చెప్పింది ఆయనకు నచ్చితేనే ఆకురాయి చేతికిచ్చేవాడు. నేను మాటలతో గట్టెక్కుదామని చూసినప్పుడల్లా కాగితం తిప్పి ఇచ్చేవాడు.

ఆ ఏడు మా అందరికీ తరాజు చేసే పని ఇచ్చాడు. ఇనుప పట్టీ కోసి, అరగదీసి, నడుమ ఒక రంధ్రం, రెండు కొసలకు రెండు రంధ్రాలు వేయాలి. డబ్బా రేకుతో చిప్పలు కొట్టుకోవాలి. రంధ్రం వెంట్రుక వాసి జరిగినా తరాజు అబద్ధం చెబుతుంది. పరీక్ష ఒక్కటే. ఒక చిప్పలో రాయి, రెండో దాంట్లో సరుకు పెట్టి సరితూచి, తర్వాత రాయిని అటు, సరుకును ఇటు మార్చాలి. అప్పుడు కూడా పట్టీ సమంగా నిలబడితేనే అది తరాజు.

నాది నిలబడ్డ రోజు నేను నేల మీద లేను. అప్పుడు మొదటి బల్ల వాడు అందరికీ వినబడేటట్టు అడిగాడు. "తరాజు మంచిగనే ఉందిరా. బొటనేలు ఏ చిప్ప మీద పెట్టాల్నో మీ బాపు నేర్పిండా?"

షెడ్డంతా నవ్వింది. వాడి తండ్రి ఫ్యాక్టరీలో చెరకు కాటా దగ్గర గుమాస్తా, బండ్లకు బండ్లు తూచే మనిషి. వాడి మాటకు ఆ బరువు ఉండేది. ఆ రోజు నుంచి నా పేరు పోయి బొటనేలు అయింది.

నిజం చెబితే, ఆ మాట అంతగా కాలడానికి కారణం వేరే ఉంది. తూకమప్పుడు మా బాపు బొటనవేలు చిప్పకు తగలడం నేనూ చూశాను. చాలాసార్లు చూశాను.

వారం రోజులు పగను నమిలాను. చివరికి దారి దొరికింది. మరునాడు బడిలో ప్రదర్శన ఉంది. తల్లిదండ్రులు వస్తారు, బజారు సావుకార్లు వస్తారు. అందరి ముందు వాడి తరాజు పైకెత్తగానే ఒకవైపు వాలిపోవాలి. కాటా గుమాస్తా కొడుకు దొంగ తరాజు చేశాడని ఊరు చెప్పుకోవాలి. చిప్ప కింద చింతపండు అతికించడం ప్రతివాడికీ తెలిసిన మోసం, ఎవడైనా మొదట దానికోసమే వెతుకుతాడు. నేను అంత తెలివితక్కువ వాణ్ణా? అరలో నా సామాన్ల డబ్బాలో ఎప్పుడూ ఉండే మెత్తటి బెల్లం రేగుపండంత తీసి, మధ్యాహ్నం అన్నం బెల్లులో వాడి చిప్ప అడుగున అదిమి పెట్టాను.

బెల్లం దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. చీమల సంగతి మరిచిపోయాను.

సాయంత్రం బడి విడిచాక ఉస్తాద్ సార్ నన్ను ఒక్కణ్ణే ఉండమన్నాడు. అర దగ్గరికి తీసుకుపోయి వేలు చూపించాడు. నా డబ్బా మూత సందులోంచి బయలుదేరిన చీమల బారు, నడుమ అయిదుగురి సామాన్లను ముట్టుకోకుండా దాటి, తిన్నగా వాడి చిప్ప కిందికి పోతోంది. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. నేను గీసిన ఏ బొమ్మా అంత చక్కగా రాలేదు.

ఆయన బెల్లాన్ని గీకి తీసి కాగితంలో చుట్టాడు. గొంతు పెంచలేదు.

"వాడు నీ బాపును దొంగ అన్నడు. గది నిజమో అబద్ధమో నాకు తెల్వదు బేటా. నువ్వయితే నిజం చేస్తున్నవ్."

కొట్టి ఉంటే బాగుండేది. నేనే అడిగాను కూడా. నాలుగు దెబ్బలతో మొదలుపెట్టి పది దాకా పోయాను. బేరంలో నా అంతట నేను పైకి పోవడం అదే మొదటిసారి. ఆయన ఒప్పుకోలేదు. రేపు మీ బాపును దుకాణం తరాజు తీసుకొని రమ్మను అన్నాడు. అంగడి రోజని, అది బరువని, బాపుకు నడుం నొప్పి అని చెప్పాను. ఆయన షెడ్డుకు తాళం వేసుకున్నాడు.

బాపుతో చెబితే వస్తానన్నాడు, అంతే. దుకాణం మూసే ముందు బాపు కాళ్ళు కడుక్కోవడానికి పోయినప్పుడు ఆ తరాజు ముందు నేను ఒక్కణ్ణే ఉన్నాను. రాయి ఇటు, బెల్లం అటు పెడితే తెలిసిపోతుంది. చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాను.

మరునాడు ప్రదర్శనకు బాపు తరాజును గోనెసంచిలో చుట్టి భుజాన పెట్టుకొని వచ్చాడు. ఉస్తాద్ సార్ దాన్ని దూలానికి వేలాడదీయించి మొదటి బల్ల వాణ్ణి పిలిచాడు. "నీకు తూకం మంచిగ తెలుసు కదా. నువ్వే సూసి అందరికీ చెప్పు."

వాడు కిలో రాయి ఒక చిప్పలో, బెల్లం రెండో దాంట్లో పెట్టి సరిచేశాడు. తర్వాత మార్చాడు. చిప్పలు ఊగుతున్నాయి. బాపు అలవాటుగా ముందుకు వంగి బొటనవేలితో చిప్ప ఊగడం ఆపాడు. బాపు వేలు తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. పట్టీ సమంగా ఆగింది. వేలు పెట్టడం నేను వందసార్లు చూశాను. తీసేదాకా ఒక్కనాడూ ఆగి చూడలేదు.

"సక్కగనే ఉంది సార్," అన్నాడు వాడు నేలను చూస్తూ.

"వినవడలే," అన్నాను నేను.

మళ్ళీ చెప్పాడు. వినబడలేదన్నాను. మూడోసారి రేకులు అదిరేటట్టు చెప్పాడు. నేను సగానికి సరిపెట్టుకోని బేరం నా జన్మలో అదొక్కటే. బాపు నా వైపు చూసి, "ఇగ సాలు తియ్యి," అన్నాడు.

జనం పక్క బల్లకు జరిగారు. ఉస్తాద్ సార్ నా చేతిలో ఆ కాగితం పొట్లం పెట్టాడు. "వాడు తన మాట వాపస్ తీసుకున్నడు. నీది గిదిగో."

వాడు తన తరాజు పక్కన నిలబడి ఉన్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. వాడి దగ్గరికి పోయి పొట్లం విప్పి చెప్పాలి. మూడు అడుగులు వేశాను. నాలుగో అడుగులో బెల్లం నోట్లో వేసుకున్నాను. లోపల మిగిలిన చీమ ఒకటి నాలుక మీద కుట్టింది. ఉస్తాద్ సార్ చూస్తూనే ఉన్నాడు.

బాపు తరాజు ఇప్పుడు నా దుకాణంలో ఉంది. రోజూ షట్టరు ఎత్తగానే రాయి అటు, బెల్లం ఇటు మార్చి చూస్తాను. వేలు పెడితే, తీశానని గిరాకీకి చూపిస్తాను. మొదటి బల్ల వాడు బెల్లానికి వస్తే, తూకం అయ్యాక రేగుపండంత ముక్క పైన వేస్తాను. గిదెందుకురా అంటాడు. నా దుకాణంలో ఉత్తగా పోయేది అదొక్కటే. ఊకె తీసుకో అంటాను. చెప్పవలసిన మాట ఇంకా నాలుక మీదే ఉంది, చీమ కుట్టిన చోట.