ముందు కుర్చీకి నా వయొలిన్

మణుగూరు కాలనీ క్లబ్బులో మాదొక చిన్న బృందం ఉండేది. నాలుగైదు వయొలిన్లు, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో ఒకటి, మాకు నేర్పే సారు వాయించే కీబోర్డు. మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతం, బరోక్ అంటారు, అదొక్కటే వాయించేవాళ్లం. బొగ్గు దుమ్ములో వీళ్లకిదేం పిచ్చి అని కాలనీ అంతా నవ్వుకునేది. సారు మాత్రం పట్టు వదల్లేదు. తీగలు కూడా ఆ కాలంలోలాగా గొర్రె పేగుతో చేసినవే ఉండాలనేవాడు. వానాకాలంలో అడవి తేమకు అవి ఉబ్బి తెగిపోయేవి.

తెగితే ఏం చేయాలో ఒక పద్ధతి ఉంది. ముందు కుర్చీలో వాళ్ల తీగ తెగితే వెనకవాళ్లు తమ వయొలిన్ ఇచ్చేసి, తెగినది తాము తీసుకోవాలి. పాట ఆగకూడదు, అంతే.

నా ముందు కుర్చీ ఒక ఆఫీసరు భార్యది. ఆ ఏడు వానాకాలం కచేరీలో, చివరి పాటలో ఒక ముక్క నేనొక్కదాన్నే లేచి నిలబడి వాయించాలి. అది తెలిసినప్పటి నుంచి మా నాన్న కాలు నిలవలేదు. గనిలో బ్లాస్టింగు మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి.

"ఇనపడకుంటేంది బిడ్డా, నువ్వు లేసి వాయిస్తుంటె చూస్త" అన్నాడు. తన షిఫ్టువాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

చివరి పాట మొదలైన కాసేపటికే ముందు కుర్చీ ఆవిడ తీగ టప్పున తెగింది. వెనక్కి తిరగనైనా తిరగకుండా చెయ్యి చాపింది. ఇచ్చాను. నా చేతికొచ్చినదానికి పై తీగ లేదు. నా ముక్కంతా ఆ తీగ మీదే. సారు అది చూసి ఆవిడకు సైగ చేశాడు. ఆవిడ లేచి నిలబడి, నా వయొలిన్ మీద నా ముక్క వాయించేసింది. తప్పు పోయినా బాగుండేది, పోలేదు. నాన్న మాత్రం ఆవిడను చూడలేదు. ఒళ్లో వయొలిన్ మీద ఊరికే ఉన్న నా చేతులనే చూస్తున్నాడు.

చప్పట్లు అయ్యాక ఆవిడ నా వయొలిన్ తిరిగిచ్చింది.

"పాతదైనా పరవాలేదే, పలుకుతోంది" అంది.

నాన్న దగ్గరికి వచ్చాడు. తీగ సంగతి ఆయనకు చెప్పాలంటే చెవి దగ్గర అరవాలి. క్లబ్బు క్లబ్బంతా వింటుంది. నేను నోరు తెరిచేలోపే ఆయన సారు ముందుకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు. వినపడని మనిషి కదా, గొంతు పెద్దది. అందరూ విన్నారు.

"పిల్లకు ఇంకా సరిగ్గ రానట్టుంది సార్. నేనే ఆగలేక అందర్ని తోల్కొచ్చిన. దాన్ని ఏమనకుండ్రి. ఎనకనే కూసోబెట్టుండ్రి, మెల్లగ నేర్చుకుంటది."

సారు నవ్వి, అలాగేనని ఆయన భుజం తట్టాడు.