సోనాపూర్‌లో కుచ్చుల లంగా

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా ఆవిడ అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది మొన్నమొన్నటి సంగతి. కరోనా తగ్గుముఖం పట్టినా మూతికి మాస్కు ఇంకా వదలని కాలం. కానీ అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, తల నిండా జుట్టు, నోటి నిండా గొప్పలు. ఇప్పుడు రెండూ పలచబడ్డాయి కాబట్టి ఆ మాట అనే హక్కు నాకు వచ్చిందనే నమ్ముతున్నాను. దుబాయ్‌లో ఓడలకు తిండి సరుకులు పంపే కంపెనీలో టమాటా పెట్టెల మీద ఓడ పేరున్న కాగితాలు అంటించడం నా పని. ఇంట్లోవాళ్లకూ, సోనాపూర్ కూలీల క్యాంపులో ఉండే మా బావకూ మాత్రం "షిప్పింగ్‌లో ఆఫీసర్‌ని" అని చెప్పుకున్నాను. (టమాటాలు షిప్పులోకే వెళ్తాయి, గోడకు అవతల ఆఫీసు ఉంది, కాబట్టి పూర్తి అబద్ధం కాదని నన్ను నేను సమాధానపరచుకునేవాణ్ని.)

మా యజమాని భార్యను అందరం మేడమ్ అనేవాళ్లం. పుట్టి పెరిగింది అమెరికాలో, తాతముత్తాతలది గ్రీసులో ఏదో దీవి. అమెరికాలో వాళ్ల ఊరి గ్రీకువాళ్లకు ఒక సంఘం ఉండేదట. ఆడవాళ్లు తేనె మిఠాయిలు చేసి అమ్మి పేదపిల్లల చదువుకు సాయం చేసేవారట, ఆదివారాలు పిల్లలకు తమ భాషా, ఆటపాటలూ నేర్పేవారట, నా అన్నవాళ్లెవరూ లేకుండా చనిపోయినవాణ్ని దగ్గరుండి సాగనంపేవారట. దుబాయ్ వచ్చినా మేడమ్‌కు ఆ అలవాటు పోలేదు. ఇక్కడున్న నాలుగు గ్రీకు కుటుంబాలను పోగేసి అలాంటి సంఘమే పెట్టింది. ఆ ఏడాది చలికాలంలో సోనాపూర్‌లో ఒక క్యాంపుకు వెళ్లి దుప్పట్లు, సబ్బులు పంచాలని, తమ నాట్యం కూడా చూపించాలని తీర్మానించారు. రిహార్సల్స్‌కు స్పీకర్లు మోసే పని నాకు పడింది. మోసినవాణ్ని మోసినట్టు వెళ్లిపోక, మిఠాయిలకు ఆశపడి మూలన కూర్చుని తింటూ, కాళ్లు ఊరుకోక ఆ అడుగులన్నీ నేర్చేసుకున్నాను. అదే నా కొంప ముంచింది.

వెళ్లాల్సిన రోజు పొద్దున ఆటగాళ్లలో ఒకాయన మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నాడు. మేడమ్ అందరి వంకా చూసి, చివరికి నా మీద చూపు ఆపింది. "నీకు అడుగులు వచ్చు. నేను చూశాను" అంది. రావు అనబోయాను గానీ నోట్లో మిఠాయి ఉంది. అయిదు నిమిషాల్లో నాకు మోకాళ్ల దాకా వచ్చే తెల్లటి కుచ్చుల లంగా కట్టారు. తెల్ల మేజోళ్లు తొడిగారు. కొనల మీద ఉన్నితో చేసిన నల్లబంతులున్న చెప్పులు వేశారు. వాళ్ల దేశంలో వీరులు యుద్ధానికి వేసుకెళ్లే దుస్తులట అవి. అద్దంలో చూసుకుంటే నాకు వీరుడు కనపడలేదు. సోనాపూర్‌లో క్యాంపులు లెక్కలేనన్ని ఉంటాయి, బావది తగలదులే, తగిలినా మూతికి మాస్కు ఉందిగా అనుకుని బస్సెక్కాను. బస్సు తిన్నగా వెళ్లి బావ క్యాంపు గేట్లోకే తిరిగింది.

ముందు ఆవరణలో ఒక్కరూ లేరు. అందరూ పై అంతస్తుల వరండాల్లో, ఆరేసిన బట్టల వెనక నిలబడి చూస్తున్నారు. క్యాంపు బాస్ "యల్లా, నీచే ఆవో" అని కిందికి రమ్మంటూ అరిచి అరిచి అలిసిపోయాడు. మేడమ్ ముఖం వాడిపోయింది. "వాళ్ల భాషలో నువ్వు పిలువు" అని మైకు నా చేతిలో పెట్టింది. గొంతు లావుగా మార్చి హిందీలో "ఆయియే భాయ్ లోగ్" అంటూ దర్జాగా ఒక అడుగు ముందుకేశాను. ఒక చెప్పు బంతి రెండో చెప్పు కింద పడింది. బోర్లా పడబోతూ మైకులోనే "అవ్వో, సచ్చిన" అన్నాను. ఆ అవ్వో క్యాంపంతా మోగింది.

మూడో అంతస్తులో ఒక లుంగీ పక్కకు జరిగింది. దాని వెనక మా బావ.

"ఏందిరా, గీ గొంతు మనోనిది కాదుర?" అంటూ దిగొచ్చాడు. వెనక మనవాళ్లు పదిమంది. నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కుచ్చులు వేలితో లేపి చూసి, "గిది షిప్పింగోళ్ల యూనిఫామా?" అని శాంతంగా అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపు ఫోను తీసి మా అమ్మకు వీడియో కలిపాడు. "అత్తమ్మా, గిటు సూడు. గీ తెల్లలంగ మనిషెవలో గుర్తువట్టు." మాస్కు పైన నా కళ్లు చూసి మా అమ్మ కాసేపు ఆలోచించింది. "ఎవలోగని పొడుగు మంచిగున్నది పోరి. పెండ్లయిందా?" అంది. పది గొంతులు ఒక్కసారి నవ్వాయి. వరండాల్లోంచి హిందీవాళ్లు, బంగ్లావాళ్లు ఏమైందేమైందని దిగివచ్చారు. మేడమ్ పిలుపుకు రానివాళ్లంతా నా పరువు పోతుంటే చూడటానికి వచ్చారు.

"అడుగు, ఇంతసేపు ఎందుకు రాలేదని" అంది మేడమ్. అడిగాను. "ఫొటోలు దిగుడుంటే మేం రాం" అన్నాడు బావ. "పోయినసారి ఎవలో వచ్చిండ్రు. నా చేతుల సబ్బువెట్టి మూడుసార్లు ఫొటో దీసిండ్రు. సబ్బు మాత్రం ఒక్కటే." నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్ మెడలోని కెమెరా తీసి బస్సులో పెట్టి వచ్చింది. తర్వాత తన తాత గురించి చెప్పింది. పద్దెనిమిదేళ్లప్పుడు ఓడెక్కి అమెరికా వెళ్లాడట. హోటల్లో గిన్నెలు తోమాడట. ఒక్క గదిలో తొమ్మిదిమంది పడుకునేవారట. ఈ ఆట ఆ గదిలోనే, మంచాలు పక్కకు జరిపి ఆడేవారట. లంగా కట్టుకుని ఇదంతా తెలుగులో, హిందీలో చెబుతుంటే మొదట నాకే సిగ్గేసింది. తర్వాత చూస్తే ఎవరూ నవ్వడం లేదు. మా జగిత్యాల దిక్కు పెద్దాయన ఒకాయన, ఇరవై ఏళ్లుగా ఎడారిలోనే ఉన్నవాడు, "మరి ఆయన ఇంటికి మల్ల వోయిండా?" అని అడిగాడు. మేడమ్‌కు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "వచ్చే ఏడాది వెళ్తాను అంటూనే ఉన్నాడు" అంది. దాన్ని తెలుగులో చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. పెద్దాయన, "పొద్దువొడిశినప్పటి సంది ఏమన్న తిన్నరో లేదో. కూసోమనుండ్రి, కోడికూర అయితున్నది" అని వంటగదివైపు నడిచాడు.

దుప్పట్లు ఒక బల్లమీద పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్లను తీసుకోమన్నాం. గ్రీకు ఆడవాళ్లు పచ్చిపులుసు తాగి కళ్లు తుడుచుకున్నారు. (కారానికే.) ఆట మొదలయ్యాక నా కుడిభుజం మీద ఎవరో చెయ్యి వేశారు. చూస్తే బావ. ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుంటూ వరస పెరిగి పెరిగి నీళ్లట్యాంకును చుట్టేసింది. ఎవరో రంగు డబ్బా తిరగేసి మన డప్పు దెబ్బ మొదలుపెట్టారు. స్పీకర్లో పాట ఒకటి, డబ్బా మీద దరువు ఒకటి. అడుగులు ఎవరివి వాళ్లవే. ఆ సందట్లో బావ చెవిలో మెల్లగా చెప్పాను, "బావా, నేను ఆఫీసర్ని కాదే." "తెలుసురా" అన్నాడు అడుగు తప్పకుండా. "నీ వీసా తెచ్చిందే నేనాయె. కాయితం సదువలేనా? క్యాంపుల అందరికి మా బామ్మర్ది ఆఫీసరని నేనే చెప్పుకుంటున్న. నువ్వు గిప్పుడు ఎవలకు చెప్పకు."

తర్వాత నేను మిఠాయిల కోసం కాక ఆట కోసమే రిహార్సల్స్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. బావ ఇంటికి వెళ్లిపోయి వ్యవసాయం చేసుకుంటున్నాడు. మేడమ్ మనవల దగ్గరికి అమెరికా వెళ్లింది. వెళ్తూ వెళ్తూ కొత్తగా వచ్చిన గ్రీకు పిల్లలకు అడుగులు నేర్పే బాధ్యత, వేరే దిక్కులేక, నాకు అప్పగించింది. శనివారం సాయంత్రాలు పొట్ట లోపలికి పీల్చి వాళ్ల ముందు నిలబడుతుంటాను. ఒక గంతు వేస్తే రెండు నిమిషాలు ఆయాసం. మొన్న ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకతె నన్ను ఎగాదిగా చూసి, "సార్, మీది ఏ దీవి?" అని అడిగింది.

"కోరుట్ల" అన్నాను.

"అక్కడికి ఓడ వెళ్తుందా?" అంది ఆ పిల్ల. ఒకప్పటి నేనైతే వెళ్తుందనే చెప్పేవాణ్ని.