ఎలిబీ సుబ్బరామయ్య

కోర్టు ఇంగ్లీషు నంజుకోనిదే సుబ్బరామయ్యకు ముద్ద దిగేది కాదు. తెనాలి కోర్టు గుమ్మం ముందు నిలబడి ముద్దాయిల పేర్లు కేకేసే బంట్రోతుగా ఉద్యోగమంతా గడిపి, రిటైరయ్యాక రేపల్లె అవతల సముద్రం ఒడ్డున ఉన్న సొంత పల్లెకు వచ్చేశాడు. కోర్టు కూడా ఆయనతోపాటే బస్సు దిగింది.

మొదటి బాధితురాలు భార్య కోటిరత్నం.

"ప్రైమా ఫేసీ ఈ పులుసులో చింతపండు ఎక్కువైంది."

"తింటే తిను, లేకపోతే పిల్లికి పెడతా."

"అది హ్యాబిచ్యువల్ అఫెండర్! నిన్ననే మెత్తళ్లు ఎత్తుకుపోయింది. దానికి బెయిల్ కూడా ఇవ్వకూడదు."

పెనుమూడి పాలవాడు ఒకరోజు రాకపోతే 'అబ్‌స్కాండింగ్', మర్నాడు వస్తే 'సరెండర్'. సుబ్బరామయ్య పోయాక కూడా ఆ ఊళ్లో పాలు ఆలస్యమైతే అబ్‌స్కాండింగనే అంటున్నారు.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. పడవలు ఒడ్డున, మగవాళ్లు అరుగుల మీద. పనిలేని ఊళ్లో తగాదాకు కరువేముంది? ఆ ఏడు బ్రహ్మయ్య కొత్త వలను ఎవరో కోసేశారు. ముందురోజే అతనితో మాటామాటా అనుకున్న భాగ్యశ్రీ మీద నింద పడింది. మొగుడు లేని మనిషి. కోటిరత్నంతో కలిసి ఆటోలో రేపల్లె మార్కెట్టుకు చేపలు వేసుకెళ్లి బతుకుతోంది. వెలి వేస్తే ఒక్క పడవా ఆమెకు చేప ఇవ్వదు.

పెద్దలు కూర్చున్నారు. వెలి అన్న మాట ఎవరి నోటా రాకముందే సుబ్బరామయ్య లేచాడు.

"ఎలిబీ సంగతి తేల్చకుండా కన్విక్షన్ ఎలాగండి?"

పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. తెలీదని చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"అవునవును, ఎలిబీ చూడాల్సిందే," అన్నాడు కులపెద్ద వరప్రసాదం, గడ్డం నిమురుకుంటూ.

పంచాయతీ వచ్చే ఆదివారానికి పోయింది. ఆ ఆదివారం క్రాస్ ఎగ్జామినేషన్ అడ్డొచ్చింది. ఆ పై వారం సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్.

"బాబాయ్, నీ కోర్టుని కాకులెత్తుకెళ్ల! తీర్పెప్పుడు?" అని బ్రహ్మయ్య మొత్తుకున్నాడు.

"ప్రాసిక్యూషన్ అంత తొందరపడకూడదురా."

కోటిరత్నానికి ఒళ్లు మండింది. "భాగ్యశ్రీ అలాంటిది కాదని ఒక్క ముక్క తెలుగులో చెప్పలేవా?" అని, ఆ రోజు నుంచి రెండు పూటలా ఆయనకు చారే పోసింది.

"రిగరస్ ఇంప్రిజన్‌మెంట్," అని గొణిగి తాగాడు.

జూన్‌లో నిషేధం ముగిసింది. తెల్లారేసరికి పడవలన్నీ నీళ్లలో ఉన్నాయి. పంచాయతీకి కూర్చునే తీరిక ఎవరికుంది? బ్రహ్మయ్య పడవకు విరగబడి చేప పడింది. ఒడ్డుకు వస్తూనే అరిచాడు: "భాగ్యక్కా! గంపలు తేవే, ఎండెక్కితే సరుకు పాడైపోద్ది!"

వల ఎవరు కోశారో ఈనాటికీ తేలలేదు. కుట్లు వేసుకుని అదీ వేటకు పోతోంది.

ఆ మధ్యాహ్నం కోటిరత్నం అడిగింది: "ఏవయ్యా, ఇంతకీ ఎలిబీ అంటే ఏంటి?"

"నాకేం తెలుసే? ప్లీడర్లు ఆ మాట అన్నప్పుడల్లా కేసు వాయిదా పడేది. పడిందంటే, నేను పేరు పిలిచినోడు ఆ పూటకి ఇంటికెళ్లి అన్నం తినేవాడు. పిలిచిన నోరు కదా, నాకూ నాలుగు మెతుకులు సయించేవి."

కోటిరత్నం చారుగిన్నె పక్కకు జరిపి, కంచంలో రొయ్యల కూర వడ్డించింది.

"బెయిలిచ్చా. తిను."

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు చాల్లేదు. చెబుదామని తలెత్తి, ఆమె చేతిలో గరిటె చూశాడు.

"ఒక చిన్న సంగతుంది గానీ," అన్నాడు, "వాయిదా వేసుకుందాంలే."