రంగనాథం గారి బోణీ

చీపురుపల్లి బజారులో రంగనాథం గారు బోణీ చెయ్యని కొట్టు ఒక్కటే ఉంది. అది లక్ష్ముడి కొట్టు. వెదురు బొంగులు, కొబ్బరితాళ్ళు, కొత్త కుండలు, తెల్లగుడ్డ అమ్ముతాడు. మనిషి ఆఖరి ప్రయాణానికి కావలసినవన్నీ అక్కడ ఒక్కచోటే దొరుకుతాయి. రంగనాథం గారు ఆ కొట్టునీ వదల్లేదు. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి మూరెడు కొబ్బరితాడు ఇమ్మన్నారు. లక్ష్ముడు రెండు చేతులూ జోడించాడు.

"బాబూ, మీ సెయ్యి మంచిదని ఊరంతా సెప్పుకుంతన్నారు. మీరు బోణీ సేస్తే నా బేరం పెరుగుతాది. నా బేరం పెరిగితే ఈ ఊరేటయిపోతాది? మీకు పున్నెముంటాది, ఎల్లిపోండి."

ఆ కొట్టు తప్ప మిగతా బజారంతా ఆయనదే. పొద్దున్న ఆరు కొట్టకుండానే పంచె ఎగ్గట్టి, గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని బయల్దేరేవారు. షట్టరు సగం లేచేసరికి కింద ముందుగా కనబడేవి ఆయన పాదాలే. రోజు మొత్తంలో మొదటి బేరం తనదే కావాలి. ఏం కొన్నామన్నది ముఖ్యం కాదు, ఎవరికంటే ముందు కొన్నామన్నదే ముఖ్యం. బోణీ బేరానికి గీసి గీసి అడక్కూడదు, అరువు చెప్పకూడదు, పుచ్చొంకాయ వచ్చినా వెనక్కి ఇవ్వకూడదు. అందుకని కొట్లవాళ్ళు ఆయన్ని చూస్తే పండగ చేసుకునేవారు.

ఆ పండగ ఖర్చు పార్వతీదేవిది. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా, ఇవాళ ఇంట్లో కూరేమిటో ఆరున్నర దాటితే గాని ఆవిడకి తెలిసేది కాదు. ఒకరోజు సంచీలోంచి అల్లం ముక్క, అట్లకాడ, అరడజను నిమ్మకాయలు వచ్చాయి. ఇంకోరోజు నాలుగు కొట్లలో నాలుగు వందగ్రాముల కందిపప్పు పొట్లాలు వచ్చాయి. ఒక కొట్టు పప్పు రెండు కూతలకే గంజి అయింది, ఇంకో కొట్టు పప్పు ఆరు కూతలు వేసినా గులకరాళ్ళలాగే ఉంది. రెంటినీ ఒకే కుక్కర్లో పోసిన పాపానికి ఆ మధ్యాహ్నం ఇద్దరూ పప్పు తాగుతూ నమిలారు.

ఆవిడ చీటీ రాసి ఇవ్వకపోలేదు. ఇచ్చేది. ఆయన బుద్ధిగా జేబులో పెట్టుకునేవారు. అదే జేబులో అలాగే తిరిగొచ్చేది.

"ఏటండీ ఇది? నేను రాసిందేటి, మీరు తెచ్చిందేటి?"

"చీటీ జేబులోనే ఉన్నాదే. చూసుకో."

"జేబులో ఉండడానికా రాసేను? వంకాయలేవి?"

"గురమ్మ గంప దించీ దించగానే పైన నిమ్మకాయలే ఉన్నాయి. వంకాయల కోసం అడుగుదాకా తవ్వుతా కూర్చుంటే ఈలోగా ఇంకెవరైనా వచ్చేరంటే?"

"వస్తే ఏటవుతాది? ఊరు మునిగిపోతాదా?"

ఈ ప్రశ్న వచ్చేసరికి ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పెరట్లోకి వెళ్ళిపోయేవారు.

తిండి సామానుతో ఆగినా బాగుండేది. తొమ్మిదింటికి ఇనప సామాన్ల కొట్టు తీస్తారు. అక్కడ రోజుకో మేకు. రెండేళ్ళకి పెద్ద హార్లిక్స్ సీసా నిండింది. ఆ ఇంట్లో కొత్తగా తగిలించాల్సిన పటాలేమీ లేవు. "మనిద్దరి ఫొటోలకీ దండలేసి తగిలించినా ఇంకా నాలుగు తరాలకి మిగుల్తాయి" అనేది పార్వతీదేవి. ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్తుంటే పసుపూ కుంకుమతో పాటు రెండేసి మేకులు చేతిలో పెట్టి పంపించేది.

ఆయన పేరు మాత్రం పొలిమేర దాటింది. గజపతినగరంలో ఎవరో చెప్పుల కొట్టు పెడుతూ బోణీకి రమ్మని ఆటో పంపించారు. కొత్త కండువా వేసుకుని వెళ్ళిన మనిషి, సాయంత్రానికి ఆరేళ్ళ పిల్ల కాళ్ళకి పట్టే గులాబీ రంగు చెప్పులు పట్టుకొచ్చారు. చేతికందినవి అవేనట. వాటిని ఎదురు సందులో ఉండే బిందుకి ఇచ్చేశారు.

జనం నవ్వుకునేవారు. పార్వతీదేవికి మాత్రం నవ్వు రాను రాను తగ్గిపోయింది. పోస్టుమాస్టరుగా రిటైరైన ఆర్నెల్లకి మొదలైంది ఈ పిచ్చి. ఆవిడ తండ్రికీ ముసలితనంలో ఇలాగే ఒక పని పట్టుకుంది. తాళం వేసిన తలుపుకే మళ్ళీ మళ్ళీ తాళం వేసేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఏడాది తిరక్కుండా ఆయన కూతురి పేరు మర్చిపోయాడు, ఆ తర్వాత అన్నం తినడం మర్చిపోయాడు. అందుకని రంగనాథం గారు సంచీ బోర్లించిన ప్రతిసారీ ఆవిడ అరుస్తూనే ఆయన కళ్ళలోకి చూసేది, నన్నింకా గుర్తుపడుతున్నారా లేదా అని. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేదు. అరుపుల్లోనే దాచుకుంది.

రెండువేల పదహారు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. బట్టలు ఆరక, గోడలు చెమ్మగిల్లి, ఇల్లంతా ముక్కవాసన వేస్తున్న రోజుల్లో రంగనాథం గారికి జ్వరం తగిలింది. రెండో రోజు తెల్లవారుజామున చప్పుడైతే పార్వతీదేవి లేచి చూసింది. ఆయన గోడ పట్టుకుని గొడుగు కోసం తడుముకుంటున్నారు.

"ఎక్కడికి?"

"బోణీకి."

"ఒళ్ళు పెనంలా కాలిపోతన్నాది! పడుకోండి!"

ఆయన రెండడుగులు వేసి గడప దగ్గరే కూలబడ్డారు. ఆవిడ రెక్క పట్టుకుని లేపి మంచం మీద కూర్చోబెట్టింది. ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు.

"అయితే నువ్వెళ్ళవే."

"నేనా? ఈ వానలో, ఈ మోకాళ్ళతో, మేకు కొనడానికా?"

"మేకొద్దు. కూర్మయ్య కిరాణా కొట్టు, గురమ్మ గంప, అంతే. ఆరుంపావు లోపల అయిపోవాలి."

"ఆరుంపావుకి ఎవరొస్తారని?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఝాన్సీ," అన్నారు.

ఝాన్సీ అంటే బిందు తల్లి. మొగుడు ప్రమోద్ రెండేళ్ళ కిందట హైవే మీద లారీ గుద్ది పోయాడు. అప్పటినుంచీ విజయనగరంలో ఒక బట్టల కొట్టులో పనిచేస్తోంది. పొద్దున్న ఏడింటి పాసింజరుకి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి గాని ఇల్లు చేరదు. అప్పటికి బజారంతా షట్టర్లు దించేసి ఉంటుంది. ఉప్పైనా పప్పైనా ఆ పిల్ల కొనుక్కోవాలంటే రైలుకి ముందే కొనుక్కోవాలి.

"ప్రమోద్ పోయిన నెలకి నేను పెన్షను పనిమీద విజయనగరం బయల్దేరేను, గుర్తుందా?" అన్నారు రంగనాథం గారు. "గుమ్మం దిగేసరికి ఆ పిల్ల ఎదురొచ్చింది. నేను గిరుక్కున తిరిగి లోపలికొచ్చేసి, కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగేను. నువ్వే ఇచ్చేవు నీళ్ళు."

పార్వతీదేవికి గుర్తుంది. గ్లాసు అందిస్తూ, 'కాసేపాగి వెళ్ళండి' అని కూడా అంది.

"మళ్ళీ బయటికొచ్చి చూద్దును గదా, ఆ పిల్ల అక్కడే ఉన్నాది. నాకు మళ్ళీ ఎదురు రాకూడదని గోడవైపు తిరిగి నిలబడింది. నేను సందు దాటిందాకా అలాగే నిలబడింది." ఆయన గోడకి జారగిలబడ్డారు. "వారం తర్వాత ఓ పొద్దున్న బజారుకెళ్తే, కూర్మయ్య 'బోణీ అవలేదమ్మా, కాసేపాగి రా' అంటన్నాడు ఆ పిల్లతో. గురమ్మదీ అదే మాట. కాసేపాగితే రైలెళ్ళిపోతాది. ఆ పిల్ల ఖాళీ సంచీ మడతపెట్టుకుని స్టేషనుకి వెళ్ళిపోయింది."

"మీరు కూర్మయ్యకి గడ్డి పెట్టలేకపోయేరా?"

"ఏ మొహం పెట్టుకుని పెట్టమంటావే? నీళ్ళు తాగినోడిని."

పార్వతీదేవి దుప్పటి తీసి ఆయన భుజాల మీద కప్పింది.

"బోణీ అవకపోతేనే కదా వాళ్ళ బాధ. అది ముందే అయిపోతే ఆ పిల్లని ఆపే పని లేదు కదా అనుకున్నాను."

"మరి మేకులెందుకండీ?"

"ఆ పిల్లెళ్ళే రెండు కొట్లలోనే బోణీ చేస్తే ఎవరికైనా తెలిసిపోదేటి? పిచ్చన్నాక బజారంతా ఉండాలి."

పార్వతీదేవికి ముందుగా కలిగింది సంతోషం. ఈయన బుర్ర నిక్షేపంలా ఉంది. రెండేళ్ళుగా గుండె మీదున్న బండ దిగిపోయింది. ఆ వెంటనే ఆనాడు తను అందించిన నీళ్ళ గ్లాసు గుర్తొచ్చి సిగ్గేసింది. గొడుగు తీసుకుని వానలోకి నడిచింది.

కూర్మయ్య అప్పుడే షట్టరు ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి తిప్పుతున్నాడు. కింద పంచెకి బదులు చీరకుచ్చిళ్ళు కనబడేసరికి కంగారుపడ్డాడు.

"ఏటమ్మగారూ, బాబుగారు రానేదేటి?"

"జ్వరం. బోణీకి నేనొచ్చేను."

"ఆయన సెయ్యి మంచిదని తెలుసుగానండి, మీ సెయ్యి ఎలాటిదో మరి..."

"ఆ చేతికి ముప్పై ఎనిమిదేళ్ళుగా తిండి పెట్టింది ఈ చెయ్యే. పావుకిలో బెల్లం కట్టు."

కూర్మయ్య గబగబా తూచి కట్టాడు.

గురమ్మ దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. పార్వతీదేవి బేరమాడకుండా పుట్టింట్లో గాని అత్తింట్లో గాని కరివేపాకు రెబ్బ కొని ఎరగదు. గురమ్మ వంకాయలకి ఒక ధర చెప్పింది. అందులో సగానికి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. బోణీకి అడక్కూడదు. పళ్ళు బిగబట్టి, అడిగినంతా చేతిలో పెట్టింది. భర్త కోసం ఆవిడ చేసిన త్యాగాల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు.

గురమ్మకి భయమేసింది. "ఓలమ్మా, జొరం బాబుకన్నారు, మీక్కూడా వచ్చిందేటి?"

సరిగ్గా అప్పుడే ఝాన్సీ వచ్చింది. నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, వానకి ఒదిగి, గబగబా నడుచుకుంటూ వచ్చింది. పార్వతీదేవి చూరు కిందకి జరిగి నిలబడింది. ఇవాళ తన చెయ్యి పనిచేస్తుందో లేదో.

"రామ్మా, రా," అంది గురమ్మ. "ఏటి కావాల? బెండకాయలు లేతగున్నాయి, సూడు."

కూర్మయ్య కూడా, "సంచీ ఇలగియ్యమ్మా, రైలుకి టైమయిపోతాది నీకు," అంటూ చకచకా పొట్లాలు కట్టేశాడు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. బోణీ అయిపోయాక వాళ్ళంత మంచివాళ్ళు జిల్లాలోనే దొరకరు.

తిరుగుదారిలో పార్వతీదేవి తన గొడుగులోకి ఝాన్సీని లాక్కుంది. ఇద్దరికీ చెరో భుజం తడుస్తోంది.

"బాబాయిగారు కనబడలేదేటి పిన్నీ?"

"జ్వరమమ్మా. తగ్గిపోతాది."

"అయ్యో. ఆయన్ని చూడకపోతే బజారు బజారులా లేదు." కొంచెం దూరం నడిచాక తనే మళ్ళీ అంది. "ఒక మాట చెప్పనా పిన్నీ? మా ఆయన పోయిన కొత్తల్లో నాకెవరూ సరుకిచ్చేవారు కాదు, బోణీ అవలేదని. ఇంక ఈ ఊళ్ళో బతకలేననుకున్నాను. బిందుని తీసుకుని ఎటైనా పోదామని సామాను కూడా కట్టేసేను."

"మరి?"

"వాళ్ళకే మనసు మారిపోయింది! ఓ రోజు నుంచి 'రామ్మా, రా' అని పిలిచి మరీ ఇస్తన్నారు. ఎవరో చెప్తే మారలేదు, వాళ్ళంతట వాళ్ళే మారేరు. అందుకే ఉండిపోయేను. మనుషులు మనం అనుకున్నంత చెడ్డోళ్ళు కారు పిన్నీ. మన ఊరు మంచిది."

పార్వతీదేవి నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అంటుంది. అలాంటి మనిషికి అసలు సంగతి గొంతు దాకా వచ్చింది. వంకాయల బేరం కంటే గట్టిగా దాన్ని మింగేసింది.

"అవునమ్మా," అంది. "మంచి ఊరే."

సందు మొగలో ఝాన్సీ గొడుగులోంచి బయటికొచ్చి, మళ్ళీ ఆగింది. "రేపు బిందు పుట్టినరోజు పిన్నీ. బస్టాండు దగ్గర తాతమ్మ అని ఒకావిడ కొత్తగా పూల గంప పెట్టింది. పిల్ల జడలోకి మూరెడు మల్లెపూలు నేనే స్వయంగా వెళ్ళి కొందామనుకుంతన్నాను. పూలు కొనడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు. ఇప్పుడు భయం లేదు. మన ఊరోళ్ళు ఏమీ అనుకోరు కదా?"

"ఎందుకనుకుంటారు?" అంది పార్వతీదేవి. "ఇంతకీ ఆ తాతమ్మ గంప ఎన్నింటికి దించుతాదంట?"

"ఆరింటికంట. ఏం పిన్నీ, మీకూ కావాలా?"

"ఆఁ, ఈ వయసులో నాకూ పూల మీదికి మనసు పోతన్నాది."

ఝాన్సీ నవ్వుకుంటూ సందులోకి పరిగెత్తింది. పార్వతీదేవి ఇంటికొచ్చి, తడిసిన చీరైనా మార్చుకోకుండా గడియారం తీసి ఐదింటికి అలారం పెట్టింది. మొగుడికి జ్వరం మాత్ర వెయ్యాలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.