బండి కట్టు, హన్మా!

సూర్యాపేటలో రామనర్సయ్య సేటు ముందర "పోత" అన్న మాట నోరు జారకూడదు. జారిందా, ఇక పోవాల్సిందే. రేపు పోతానన్నవాణ్ణి ఇవాళే పంపించేవాడు. సాయంత్రం పోతానన్నవాణ్ణి చెప్పులు తొడుక్కునేదాకా కూడా ఆగనిచ్చేవాడు కాదు. ఆయన రైసు మిల్లు గేటు దగ్గర హన్మా రెండెడ్ల బండితో పొద్దస్తమానం సిద్ధంగా ఉండేవాడు. సేటు గొంతు వినబడగానే హన్మా చెయ్యి దానంతటదే కాడి మీదికి పోయేది.

"బండి కట్టు, హన్మా!"

ఒకసారి కోదాడ నుంచి వియ్యంకుడు మూడు రోజులుందామని వచ్చాడు. రెండో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ మర్యాదకోసం "ఇక బయలుదేరాలండీ బావగారూ" అన్నాడు. ఎవరైనా ఏమంటారు? "అప్పుడే ఏం తొందర, ఉండండి" అంటారు. ఆ మాట అనిపించుకోవడానికే కదా చుట్టాలు పోతామనేది! వియ్యంకుడు నోరు పుక్కిలించి తలెత్తేసరికి గొడుగు, సంచీ, పులిహోర మూట బండిలో ఉన్నాయి. సేటు నవ్వుతూ తువ్వాలు అందిస్తున్నాడు.

"అదేంటండీ! నేనేదో మాటవరసకి అన్నానండీ!"

"అన్నరు గద బావా! పోయేటోల్లను ఆపుడు నాతోని గాదు. పొద్దెక్కితే ఎండ కొడ్తది, ఎక్కుండ్రి."

ఆ పులిహోర సంగతి కూడా చెప్పాలి. ఎవరు ఏ క్షణాన ఆ మాట అంటారో తెలియక సేటు భార్య రోజూ తెల్లవారగానే గిన్నెడు పులిహోర కలిపి పెట్టేది. ఆ ఇంటి నుంచి ఎవరూ ఆకలితో పోలేదు. నిమ్మళంగానూ పోలేదు.

మంగలి మల్సూర్ ఒకనాడు సేటుకు గడ్డం గీస్తూ, "మీది అయినంక మునగాల పోత సేటూ, మా చెల్లె బిడ్డ పెండ్లి" అన్నాడు. అప్పటికి కుడి చెంప ఒక్కటే అయింది.

"మేనకోడలు పెండ్లి పెట్టుకొని నా గడ్డం కాడ ఏం జేస్తున్నవ్ రా! హన్మా!"

మల్సూర్ కత్తి తుడుచుకునే లోపల బండెక్కాడు. సేటు రెండు రోజులపాటు సగం గడ్డంతో బజారంతా తిరిగాడు. అడిగినవాళ్లకల్లా "మల్సూర్ పెండ్లికి పోయిండు" అని చెప్పాడు. అంతకు మించి చెప్పాల్సిందేమీ లేదన్నట్టు.

మిల్లు ఇంజను నడిపే మత్తయ్య ఇవన్నీ పద్నాలుగేళ్లుగా చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాడే. తన వంతు వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన భార్య ఎస్తేరుకు రెండేళ్ల కింద మిర్యాలగూడ మిషన్ బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరికింది. నాలుగేళ్ల కూతురు చిన్నిని తీసుకుని ఆమె అక్కడ ఉంటోంది. మత్తయ్య నెలకొక్కసారి పోయి చూసి వచ్చేవాడు. మధ్యలో రజాకార్ల గడబిడకు బస్సులు ఆగిపోయి మూడు నెలలు ఆ ముఖాలే చూడలేదు. ఒకసారి పోతే చిన్ని తండ్రిని గుర్తుపట్టక తల్లి వెనక దాక్కుంది. ఆ రోజు మత్తయ్యకు ముద్ద దిగలేదు. అందుకే పంతొమ్మిది వందల నలభై తొమ్మిదిలో, ఊళ్లు చల్లబడ్డాక, మిర్యాలగూడలో లక్ష్మయ్య అనే ఆసామి కొత్త మిల్లు పెడుతున్నాడని, ఇంజను మనిషి కావాలని తెలియగానే పోయి మాట్లాడుకున్నాడు. వచ్చే నెల ఒకటిన చేరాలి. ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండొచ్చు.

ఇక సేటుకు చెప్పాలి. నెల ముందు చెప్పడం న్యాయం. కానీ ఎట్లా చెప్పేది, ఆ మాట అనకుండా?

చిత్రమేమిటంటే మత్తయ్య చెప్పలేక నాన్చిన ఆ నాలుగు రోజులూ సేటే ఇంజను గదిని వదల్లేదు. ఇంజనుకు అవతలి పక్క గోనెబస్తా పరుచుకుని, మత్తయ్యకు ఎదురుగా కూర్చునేవాడు. ఇంజను అందుకోవడానికి మత్తయ్య దీపంతో దాని తల ఎర్రగా కాల్చడం, పెద్ద చక్రాన్ని ఊపి వదలడం కళ్లప్పగించి చూసేవాడు.

"గా చక్రం ఎటు తిప్పుతవ్?"

"ఇటు సేటూ."

"ఊఁ. ఏమన్న చెప్పేదుందా, మత్తయ్యా?"

"ఏం లేదు సేటూ."

"ఉంటే చెప్పు."

"ఏం లేదు."

సేటు నిట్టూర్చి లేచేవాడు. బయట హన్మా ఎడ్లకు పగలంతా కాడి దించకపోవడం మత్తయ్య గమనించాడు గానీ ఎందుకో తట్టలేదు.

నాలుగో రోజు పొద్దున ధైర్యం తెచ్చుకున్నాడు. లోపల ఇంకో ఆశ కూడా ఉంది. నేను వియ్యంకుణ్ణా, మంగలినా? కోతల కాలం, మిల్లు ముందు వడ్ల బస్తాలు గుట్టలు. సేటు చేతులు పట్టుకుని బతిమాలుతాడు, నేను "ఏం జేద్దు సేటూ" అని కళ్లు తుడుచుకుంటాను. ఇట్లా రాత్రంతా మనసులో ఆడించుకుని వచ్చాడు.

"సేటూ, ఒక ముచ్చట. వచ్చే నెల ఒకటో తారీఖు సంది నేను గీడ పనిజెయ్య."

సేటు ముఖం వెలిగింది. "అంటే?"

"అంటే, మిర్యాలగూడల, ఎస్తేరు కాడ..."

"పోతవా?"

మత్తయ్య తల వంచుకున్నాడు. "పోత సేటూ. నెల దినాలైనంక..."

"హన్మా! బండి కట్టు!"

"కట్టే ఉంది సేటూ!" అని గేటు దగ్గరి నుంచి కేక.

"నెల దినాలైనంక అంటున్న సేటూ! కోతల దినాలు, ఇంజన్ ఎవలు నడుపుతరు?"

"నేను నడుపుత."

"మీరా! మీకేమొస్తది?"

"నీకు తల్లి కడుపులకెల్లే వచ్చిందా? నేర్చుకుంట. తొమ్మిదింటి బస్సుంది, నడువ్ నడువ్!"

చేతుల నూనె తుడుచుకోవడానికి కూడా వ్యవధి లేదు. హమాలీలు మిల్లు పక్కన ఆయన గదిలోంచి రేకు పెట్టె తెచ్చి బండిలో పడేశారు, ఒళ్లో పులిహోర మూట పడింది. బస్సు కదిలేదాకా సేటు కిటికీ పక్కనే నిలబడి డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాడు.

మత్తయ్యకు కడుపు మండిపోయింది. పద్నాలుగేళ్లు! ఒక్క రోజు ఉండు అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఈ జన్మలో ఆ మనిషి ముఖం చూడనని మూసీ దాటేలోపల మూడుసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. పులిహోర ముట్టలేదు.

మిర్యాలగూడలో తలుపు తీసిన ఎస్తేరు పెట్టెను చూసింది.

"ఏందయ్యా, నడివారంల వచ్చినవ్? పెట్టెతోని వచ్చినవ్?"

"ఎల్లగొట్టిండు."

"ఏం తప్పు జేసినవ్?"

"పోత అన్న."

"గంతేనా?"

"గంతే."

"గా మాటకే ఎల్లగొడ్తరా ఎవలన్న? కొత్త సేటు ఇట్లనే అడిగితే ఏం చెప్తవ్? ఎల్లగొట్టినోన్ని ఎవలు పెట్టుకుంటరయ్యా!" ఎస్తేరుకు నిజంగానే భయం పట్టుకుంది. అటు ఉన్న పని పోయింది, ఇటు రావాల్సింది వస్తుందో లేదో. ఈ లోపల చిన్ని మూట విప్పి పులిహోర తినడం మొదలుపెట్టింది.

మత్తయ్య గుండె దిటవు చేసుకుని కొత్త మిల్లుకు పోయాడు. అరుగు మీద పెట్టె పక్కన పెట్టుకుని ఎవరో కూర్చుని ఉన్నాడు.

"నేను కోదాడ నుంచి వచ్చానండి. ఇంజను పనికి. సాయంత్రం దాకా ఆగమన్నారు. ఎవరో రావాలంట, ఆయన రాకపోతే నన్ను పెట్టుకుంటారంట" అన్నాడతను.

మత్తయ్య అతని పెట్టె వంక చూశాడు. అంతలో లక్ష్మయ్య బయటికొచ్చాడు.

"వచ్చినవా మత్తయ్యా! బతికిచ్చినవ్. ఇంజన్ నెల ముందుగాల్నే దిగింది, నేను ఆగలేనని ఈయనకు కబురు పెట్టిన. మొన్న అంగడి నాడు ఈ సంగతి తెల్సి మీ సేటు వచ్చి నా చేతులు పట్టుకున్నడు. 'నాలుగు దినాలాగు, మా మత్తయ్య పెండ్లాం పిల్ల గీడ్నే ఉన్నరు' అని. ఇయ్యాల్టితోని గడువు ఖతం."

"మరి నాకొక్క మాట చెప్పొచ్చు గద!"

"నేనూ గదే అడిగిన. 'నేనే పొమ్మంటే ఎల్లగొట్టినట్టయితది, పోత అనే మాట మత్తయ్య నోట్లకెల్లే రావాలె' అన్నడు. ఆ మాట వచ్చినంకనన్న గడువు సంగతి చెప్పు అంటే, 'చెప్తే నా మిల్లు ఆగుతదని ఆడ్నే కూసుంటడు, ఆ మనిషి నాకెరుక' అన్నడు."

లక్ష్మయ్య నవ్వి ఇంకో సంగతి చెప్పాడు. సేటు పడుచుతనంలో కోదాడలో బట్టల దుకాణం గుమాస్తా. మునగాలలో ఒకాయన దుకాణంలో భాగం ఇస్తానంటే నెల ముందు చెప్పాడు. యజమాని దొడ్డవాడు. "ఉండు, ఇంకో రెండు దినాలుండు" అని ప్రేమగా నెలన్నర ఉంచుకున్నాడు. తీరా మునగాల పోతే అక్కడ గద్దె మీద ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. ఉండమన్న మాట అంటే ఆనాటి నుంచి సేటుకు వణుకు.

మత్తయ్య ఒట్లు మూడూ ఆ అరుగు మీదే వదిలేశాడు.

శనివారం నాడు భార్యాబిడ్డలతో సూర్యాపేటలో దిగాడు. మిల్లు గేటు దాటేసరికి నెత్తిన వడ్ల వాన కురిసింది. లోపల ముఖమంతా మసి, చేతికి కట్టు, సేటు ఆనందంతో అరుస్తున్నాడు.

"నడిచింది మత్తయ్యా! మూడు దినాలు సతాయించి ఇయ్యాల నడిచింది! మరనే ఎందుకో వడ్లను మింగుతలేదు, బయటికి ఊంచుతంది!"

"ఇంజన్ ఉల్టా తిరుగుతంది సేటూ!"

ఎదురుగా కూర్చుని నేర్చుకున్న విద్య కదా! అవతలి పక్క నుంచి చూసిందంతా అట్లాగే ఇటువచ్చి చేశాడు, చక్రం వెనక్కి తిరిగింది. మత్తయ్య ఇంజను ఆపి సరిచేశాడు. సేటును ఈసారి తన పక్కనే నిలబెట్టుకుని చూపించాడు. తమ్ముడు ఏసుపాదానికి ఈ పని వచ్చని, సోమవారం పంపిస్తానని చెప్పాడు. కృతజ్ఞతలు చెప్పబోతే సేటు చక్రం చప్పుడులో వినబడనట్టు నటించాడు. ఇంజను అప్పటికి ఆగే ఉంది.

మధ్యాహ్నం దాటింది. బస్సు వేళయింది. మత్తయ్య కావాలనే ఆ మాట అనలేదు, ఎస్తేరును కూడా అననియ్యలేదు. సేటు గేటు దాకా పోయి వస్తున్నాడు, ఎండ వంక చూస్తున్నాడు.

"ఏమన్న చెప్పేదుందా, మత్తయ్యా?"

"ఏం లేదు సేటూ."

"బస్సు పోతదేమో!"

"పోనియ్యుండ్రి సేటూ."

ఇక తట్టుకోలేక సేటు పులిహోర గిన్నె ముందు కూర్చున్న చిన్ని దగ్గరికి పోయి వంగాడు. "నువ్వు చెప్పు బిడ్డా, పోతవా?"

చిన్ని నోటినిండా ముద్దతో తల అడ్డంగా ఊపింది. "నేను పోను తాతా."

సేటు నిలబడిపోయాడు. అరవై ఏళ్లలో ఆయనతో ఆ మాట ఎవరూ అనలేదు. పోతానన్నవాళ్లను ఏం చెయ్యాలో తెలుసు. పోనన్నవాళ్లను ఏం చెయ్యాలి? మత్తయ్యను చూశాడు, ఎస్తేరును చూశాడు, మిల్లు పక్కన ఇంకా ఎవరికీ ఇవ్వకుండా తాళం వేసి ఉంచిన మత్తయ్య పాత గది వంక చూశాడు.

"హన్మా!"

"కట్టే ఉంది సేటూ!"

"ఎడ్లను ఇప్పు."

హన్మాకు ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.