కట్ట కింద ఊట

నా చిన్నప్పుడు, మూడో క్లాసో నాలుగో క్లాసో చదువుతుండగా, మా ఊరి చెరువుకట్టకు నేను వైద్యం చేశాను. చేయమని ఎవరూ అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా నాయనమ్మ నన్ను ఊరికే అనేది కాదు.

మాది నందిగామకు కొంచెం ఎడంగా ఉన్న పల్లె. చెరువుకట్టకు దిగువనే మా మిరప నారుమడి ఉండేది. ఆ ఏడాది వానలు గట్టిగా పడి చెరువు నిండింది. కట్ట అడుగున, మా మడి వైపు, బొటనవేలు పట్టే సందులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. చెరువు నిండిన ప్రతి ఏడూ అలాగే తేటగా ఊరతాయట. ఆ సంగతి నాకు తెలియదు. చెరువంతా అందులోంచే కారిపోతుందని భయపడ్డాను. ఎవరికీ చెప్పకుండా రేగడిమట్టి ముద్దలు చేసి కూరి, మడమలతో బాగా తొక్కాను. ఊట ఆగిపోయింది. ఊరిని కాపాడానన్న గర్వంతో ఆ పూట అన్నం ఇంకాస్త ఎక్కువే తిన్నాను.

మర్నాడు పొద్దున మా నాన్న కట్ట మీద నుంచి కేకలు పెట్టాడు. నేను పూడ్చిన చోటికి నాలుగు బారల అవతల కొత్తగా నీళ్ళు ఉబుకుతున్నాయి. ఈసారి తేటగా లేవు, టీ రంగులో ఉన్నాయి. చుట్టూ సన్నటి ఇసుక చీమలపుట్టలా పేరుకుంటోంది. కట్ట తెగితే నారే కాదు, కింద ఇళ్ళు కూడా పోతాయని నాన్న ఊళ్ళో జనాన్ని పిలిచాడు. నాకేమో ఏమీ అర్థం కాలేదు. ఉన్న చిల్లి మూశాను కదా, మరి ఇదెక్కడిది?

చెరువు నీళ్ళు వదులుతూ కట్టను కనిపెట్టుకుని ఉండే నీరటి తాత వచ్చాడు. ఉబికే నీళ్ళను చెంబులో పట్టి పక్కన పెట్టి చూశాడు. కాసేపటికి అడుగున మట్టి దిగింది. నా రేగడి ముద్ద దగ్గరికి వచ్చి వంగాడు. దాని మీద నా మడమల గుర్తులు చక్కగా పడి ఉన్నాయి. వాటిని చూశాడు, నా కాళ్ళు చూశాడు, తన కాలితో గుర్తులు చెరిపేశాడు. ఇది ఎవడు పూడ్చాడని నాన్న మండిపడితే, "ఏ గేదో తొక్కి ఉంటదిలే బాబూ" అన్నాడు.

తర్వాత తాత చేసిన పనికి నా బుర్ర తిరిగిపోయింది. నేను మూసిన సందును పలుగుతో తవ్వి తెరిచాడు. కొత్త ఊటలో కూరడానికి జనం తట్టలతో మట్టి తెస్తే వద్దన్నాడు. మా ఇంటి ముందు కుప్పపోసి ఉన్న మునేరు వాగు ఇసుక తెప్పించి దాని మీద పోయించాడు. ఆపైన కంకర, ఆపైన రాళ్ళు. అంతా అయ్యాక కూడా రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. తాతకు మతి పోయిందనుకున్నాను.

వెళ్ళేముందు ఆ చెంబు నా చేతికిచ్చాడు. రోజూ పొద్దున్నే నీళ్ళు పట్టి, మట్టి దిగుతోందో లేదో తనకు చూపించమన్నాడు. మొదటి రోజు కొంచెం దిగింది. మూడో రోజు చెంబు అడుగు మెరిసింది. అప్పుడుగానీ అడిగే ధైర్యం రాలేదు, నీళ్ళు ఇంకా పోతూనే ఉన్నాయి కదా అని.

"నీళ్ళు పోతే పోనియ్ బుజ్జమ్మా, మన్ను పోగూడదు. ఆ ఇసుక మన్నును ఆపి నీళ్ళను వదులుతది. దారి మూశావనుకో, అది లోపల్నుంచి కట్టనే తవ్వుకుంటది."

తలూపాను గానీ, నాకు సగమే ఎక్కింది. కట్ట నిలబడింది, నారు బతికింది. మా నాన్న పోయేదాకా ఆ లేని గేదెనే తిట్టుకున్నాడు, నేను నోరు విప్పలేదు.

ఇన్నేళ్ళయినా అంతా అర్థమైందని చెప్పలేను. నా పిల్లలైనా పరాయివాళ్ళైనా నా ముందు ఏడిస్తే "ఊరుకో" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. పక్కన కూర్చుని చూస్తాను, పోతున్నది కన్నీళ్ళేనా, లోపల మనిషే కరిగిపోతోందా అని. ఆ తేడా ఒక్కోసారి నాకు తెలియదు. తెలిసేదాకా అక్కడి నుంచి లేవను.