మూడుసార్లు కొట్టిన తలుపు

మంగళవారం. పొద్దున్నుంచి అయిన పనులు: వాకిలి ఊడ్చి చల్లడం, రెండు దఫాలు నీళ్లు పట్టడం, ఉడికించిన పసుపు కొమ్ములు మిద్దె మీద ఆరబోయడం, అన్నం, పప్పు. చారుకు పోపు వేస్తుండగా సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. మా సోషల్ సారు పోయారు. పోపు మాడింది.

జగిత్యాల హాస్టల్లో ఉండి చదివినప్పుడు నాకు పదో తరగతి చెప్పిన సారు. రిటైరయ్యాక సిరిసిల్లలో కొడుకు దగ్గరుండేవారు. నేను పెళ్లయి కోరుట్లకు వచ్చాక కూడా ఏడాదికోసారి వెళ్లి చూసేదాన్ని. పరీక్ష పేపర్లో తప్పు జవాబును ఆయన కొట్టేసేవారు కాదు. పక్కన "అప్పుడు అక్కడ నువ్వుంటే?" అని రాసేవారు.

కొడిమ్యాల దగ్గరి మా ఊళ్లో, నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు, కూలి పెంచమన్న ఒక మనిషిని దొర మనుషులు పట్టపగలు వీధులెంట తరిమి గొడ్డళ్లతో నరికారు. ఊరంతా తలుపులేసుకుంది. క్లాసులో ఆ సంగతి వస్తే నేను లేచి, "మా ఊరోళ్లంత పిరికోళ్లు సార్. నేనైతే ఉరికి అడ్డం పడుదును" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు కొట్టలేదు.

"ఊరికి పోయినప్పుడు మీ అమ్మనడుగు. గా పొద్దు పొయ్యి మీద ఏమున్నదని."

"గది పరీక్షల వస్తదా సార్?"

"రాదు బిడ్డా. గందుకే అడుగుమంటున్న."

చావు గురించి అడిగితే మనుషులు బిగుసుకుపోతారని, వంట గురించి అడిగితే ఆ రోజులోకి వాళ్లే నడిచి వెళ్తారని ఆయన నమ్మకం. తప్పెవరిదన్నది ఆ తర్వాతే.

సెలవులకు ఊరెళ్లి అడిగితే అమ్మ బియ్యం చెరుగుతూ, "మక్క గట్క" అంది, మొక్కజొన్న రవ్వ సంకటి. చాట కింద పెట్టింది. "అడుగంటుతున్నది. దించలే. గాయన మన తలుపు కొట్టిండు. మూడుసార్లు. 'ఒదినా, తియ్యి' అన్నడు. నెత్తురు గడప కిందికెళ్లి లోపలికచ్చింది. నువ్వు నా చంకల ఉన్నవ్. ఏడ్వబోతే నీ నోట్లె కొంగు కుక్కిన. నీ మొఖం నల్లవడ్డది. ఆఖరి దెబ్బకు తలుపు చెక్క గూడ చీలింది."

పిరికోళ్లు అన్న మాట మళ్లీ నా నోట రాలేదు.

సారుకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గాయన భార్యకు గూడ చెప్పు. ఆఖరుకు ఏమన్నడో ఆమెకు తెల్వాలె గద."

అమ్మ బతికున్నన్నాళ్లు వద్దంది. "తియ్యలేదని ఏ మొఖం పెట్టుకొని చెప్తవ్?" ఆ తర్వాత నాకే ధైర్యం చాలలేదు. సిరిసిల్లకు వెళ్లినప్పుడల్లా సారు టీ ఇప్పించి, "పోయినవా?" అనేవారు. లేదంటే, "గొడ్డళ్లకు అడ్డం పడేదానివి, ముసలమ్మకు భయపడ్తివా?" అని నవ్వేవారు. ఒక్కసారీ తిట్టలేదు. ఎదుటి మనిషిని తీర్పు చెప్పకుండా వినడం నాకు ఆయన దగ్గరే పట్టుబడింది.

మర్నాడు దహనం అయ్యాక తిరుగు బస్సులో కొడిమ్యాలలో దిగి మా ఊరికి ఆటో ఎక్కాను. ఆ చనిపోయినాయన భార్య, పెద్దమ్మ, వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఎవరి బిడ్డనో చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"మీ గడపల పడ్డడని తెలుసు" అంది. "ముందుగాల మా తలుపే కొట్టిండు. నా ఎనుక ముగ్గురు పోరగాండ్లు. గొళ్లెం మీద చెయ్యి పెట్టుకొని నిలవడ్డ. నేను గూడ తియ్యలే, బిడ్డా. మీ అమ్మ నన్నేమన్న అనుకున్నదా?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. "లేదు పెద్దమ్మా. నువ్వేమనుకుంటవో అని భయపడ్డది."

"మీ దగ్గర ఏమన్న అన్నడా?"

"ఒదినా, తియ్యి అన్నడు. మూడుసార్లు."

"ఒదినా అన్నడా" అని ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకుంది. తర్వాత గంప పక్కకు జరిపి చాప మీద చోటిచ్చింది. పొద్దుగూకేదాకా ఇద్దరం గింజలు తీశాం.

మా ఇంటి నుంచి ఆ ఇంటికి చేరాల్సిన మాట బాకీ తీరింది.